ఏడవ రుచి: ఆచార్య ఇకేడా కికునాయె

రుచులు ఆరని మన పెద్దలు లెక్కపెట్టిరి. తీపి, పులుపు, ఉప్పు, కారము, చేదు, వగరు: ఈ ఆరింటిని ఉగాదినాడు ఒక్క పచ్చడిలో కూర్చి తినుట మన యింటింటి ఆచారము. పాశ్చాత్య శరీరశాస్త్రజ్ఞులు వీనిలో కారమును వగరును రుచులుగా అంగీకరింపక, అవి నాలుకకు తగులు మంటయు బిగువును మాత్రమేయని చెప్పి నాలుగింటినే నిలిపిరి. ఆరైనను, నాలుగైనను, లెక్క ముగిసినదనియే ఉభయులును తలంచియుండిరి. 1908వ సంవత్సరమున టోకియో నగరములో ఒక రసాయనాచార్యుడు, ఈ లెక్కలో చేరని రుచి మఱియొకటి కలదని చెప్పి, దానిని తన యింటి చారులోనుండి వేరుచేసి స్ఫటికములుగా చూపెను. ఆయన పేరు ఇకేడా కికునాయె. అమైనో ఆమ్లములను నేడు లక్షల టన్నుల కొలది తయారుచేయుచున్న మహాపరిశ్రమకు ఆ పిడికెడు స్ఫటికములే విత్తనము.

ఈ పండితుని చరిత్రను మా పాఠకుల ముందుంచుటకు కారణము కలదు. పరదేశమునకు పోయి శాస్త్రము నేర్చివచ్చినవారు మన దేశమున పలువురున్నారు. వారిలో నెందరో అక్కడి ప్రశ్నలనే యిక్కడికి మోసుకొనివచ్చి, అక్కడివారి మెప్పుకొఱకే జీవితము గడపుచున్నారు. తన యింటి పొయ్యిమీద ఉడుకుచున్న కుండను చూచి ప్రశ్న వేసినవాడు అరుదు. ఇకేడా వేసెను. ఆ ప్రశ్ననుండి ఒక పరిశ్రమ పుట్టినది. దానివలన మేలును కలిగినది, కొంత కీడును కలిగినది. రెంటిని చెప్పుదుము.

ఇకేడా 1864 అక్టోబరు 8వ తేదీన క్యోటో నగరమున జన్మించెను. తండ్రి సత్సుమా సంస్థానపు క్షత్రియుడు, ఆ సంస్థానము పక్షమున క్యోటోలో ఉద్యోగి. ఆ యేటి వేసవిలోనే సంస్థానముల సేనలు రాజప్రాసాద ద్వారములకడ తలపడగా నగరములో పెద్దభాగము తగులబడెను. పిల్లవానికి నాలుగేండ్లు నిండునాటికి షోగునుల ప్రభుత్వము కూలి, మెయిజి చక్రవర్తి పేరిట క్రొత్త పాలన వచ్చినది. సత్సుమావారు ఈ విప్లవమునకు నాయకులలోనివారు. అయినను విప్లవము తన్ను తెచ్చినవారినే మొదట దెబ్బతీసెను. 1871లో సంస్థానములు రద్దయినవి. 1876లో క్షత్రియుల వార్షికములు ఋణపత్రములుగా మార్చబడినవి. కత్తి పట్టిన కుటుంబములు కలము పట్టవలసివచ్చినది. ఈనాములు పోగొట్టుకొన్న మన అగ్రహారీకుల పిల్లలు ఇంగ్లీషు బడులకు పరుగెత్తినట్లే, ఆ క్షత్రియకుమారులును క్రొత్త విద్యలకై పరుగెత్తిరి. ఇకేడా రసాయనశాస్త్రమును ఎన్నుకొనెను.

టోకియో విశ్వవిద్యాలయమున ఆయనకు గురువు సకురాయ్ జోజి. ఈయన లండనులో చదివి వచ్చి స్వదేశమున రసాయనశాస్త్రమునకు పునాదివేసిన వారిలో నొకడు. ఇకేడా 1889లో పట్టము పొంది, ఉపాధ్యాయులను తయారుచేయు ఉన్నత పాఠశాలలో కొంతకాలము పనిచేసి, 1896లో విశ్వవిద్యాలయమున సహాయాచార్యుడయ్యెను. 1899లో ప్రభుత్వము ఆయనను జర్మనీకి పంపినది. లైప్‌జిగ్ నగరమున విల్హెల్మ్ ఓస్ట్వాల్డ్ అను మహాపండితుని ప్రయోగశాలలో ఏడాదిన్నరకు పైగా గడపెను. భౌతిక రసాయనమునకు ఆ కాలమున ఓస్ట్వాల్డ్ పీఠమే కాశి వంటిది.

అచ్చట ఇకేడా నేర్చినది రసాయనము మాత్రమే కాదు. జర్మనుల పొడవును, దృఢకాయములను, వారి భోజనమును చూచి, తన జాతివారి పొట్టి దేహములను, ఎండు కూటిని తలంచుకొని ఆయన మనసు నొచ్చెను. బౌద్ధధర్మము వలనను రాజశాసనముల వలనను జపానులో మాంసాహారము శతాబ్దముల తరబడి తగ్గియుండెను. చక్రవర్తి తాను మాంసము తిన్నట్లు ప్రజలకు తెలియజేసినది 1872లో. సామాన్యునికి అప్పటికిని వరియన్నము, ఊరవేసిన ముల్లంగి, ఇంత చారు, ఎప్పుడైన చేప. ఈ జాతికి పుష్టి కలుగుటెట్లు? ఈ చింత ఆయనను విడువలేదు.

తిరుగు ప్రయాణమున 1901లో కొన్నివారములు లండనులో నుండెను. అప్పుడు ఆయన బసచేసిన యింటనే నాట్సుమె సోసెకి అను ఆంగ్లసాహిత్య విద్యార్థియు నుండెను. ఈ సోసెకియే తరువాత జపాను నవలాకారులలో అగ్రగణ్యుడయ్యెను. లండను పొగలో ఒంటరిగా, చాలీచాలని వేతనముతో, మనోవ్యాధికి లోనగుచుండిన సోసెకికి ఇకేడా సాంగత్యము గొప్ప ఊరట యయినది. తత్త్వమును, సాహిత్యమును, స్త్రీవిద్యను గూర్చి వారు రాత్రులు మాటలాడుకొనెడివారు. రసాయనజ్ఞుడు సాహిత్యమును ఇంత చదివియున్నాడే యని సోసెకి ఆశ్చర్యపడెను. సాహిత్యమును శాస్త్రదృష్టితో విచారింపవలెనని తాను సంకల్పించుటకు ఇకేడాయే ప్రేరకుడని సోసెకి తరువాత కృతజ్ఞతతో చెప్పుకొనెను. నేటి మన కళాశాలలలో రసాయనమువారికి సాహిత్యమువారు ముఖపరిచయము కూడ ఉండకపోవుట చూచుచున్నాము గనుక ఈ మాట ప్రస్తావించితిమి.

స్వదేశము చేరి ఇకేడా పూర్ణాచార్యుడయ్యెను. కాని శుద్ధశాస్త్రము ఆయనకు తృప్తి నీయలేదు. నేర్చిన విద్య దేశమునకు ఏదియో ఒక విధమున ఉపయోగపడవలెనను తహతహ ఒకవైపు, ఇంటి ఖర్చుల ఒత్తిడి మఱియొకవైపు ఆయనను తొందరచేయుచుండెను. ఈ రెండవ కారణమును ఆయన తన స్మృతులలో దాచుకొనలేదు. మహనీయుల చరిత్రలు వ్రాయువారు ఇట్టివానిని తుడిచివేయుదురు, మేము తుడువము.

1907లో ఆయన భార్య బజారునుండి ఒక కట్ట కొంబు తెచ్చెను. కొంబు అనగా ఉత్తరసముద్రపు చలినీళ్లలో పెరుగు వెడల్పాటి నాచు. దానిని ఎండబెట్టి జపానీయులు చారునకు వాడుదురు. మనకు కందిపప్పు తేట యెట్టిదో వారికి కొంబు చారు అట్టిది. సత్సుమా సంస్థానము ఈ నాచునే ర్యూక్యూ దీవుల మీదుగా చీనాకు అమ్మి లాభమార్జించినది గనుక, ఇకేడా పూర్వుల ఉప్పు పప్పులకును దానితో సంబంధము లేకపోలేదు. సోయా పాలను విరిచి చేసిన టోఫు ముద్దలను ఈ చారులో ఉడికించినచో వానికి ఒక కమ్మదనము వచ్చును. ఆ కమ్మదనము తీపి కాదు, పులుపు కాదు, ఉప్పు కాదు, చేదు కాదు. మాంసపు రసములోను, ఎండుచేప చారులోను, మాగిన టొమాటోలోను, జున్నులోను ఇదియే లీలగా తగులుచున్నదని ఆయన గుర్తించెను. ఆ దినములలోనే, రుచికరమైన ఆహారము జీర్ణశక్తిని పెంచునని ఒక వైద్యుడు వ్రాసిన వ్యాసము ఆయన కంటబడెను. జర్మనీలో పుట్టిన చింత, ఇంటిలోని నాచుకట్ట, ఈ వ్యాసము మూడును కలిసినవి. చవకగా దొరకు కూటికి రుచి చేర్చగలిగినచో జాతి పుష్టిపడునని ఆయన తర్కించెను.

పని తేలికది కాదు. కొంబును నీటిలో నాననిచ్చి కషాయము తీయగా అందు ఉప్పులనేకములు, మానిటాల్ అను తియ్యని పదార్థము, జిగురు, పెక్కు కల్మషములు కలిసివచ్చును. ఆయన ఒక్కొక్కదానిని గడ్డకట్టించి తీసివేయుచు, మిగిలిన ద్రవమును నాలుకపై వేసికొని చూచుచు పోయెను. మానిటాల్ పోయినను కమ్మదనము పోలేదు. ఉప్పు పోయినను పోలేదు. పెక్కు కిలోల నాచునుండి తుట్టతుదకు కొన్ని గ్రాముల స్ఫటికములు మిగిలినవి. పరీక్షింపగా అది గ్లుటామిక్ ఆమ్లము.

ఇది క్రొత్త పదార్థము కాదు. 1866లోనే రిట్‌హౌజెన్ అను జర్మను పండితుడు గోధుమ బంకను గంధకామ్లముతో ఉడికించి దీనిని కనుగొని, ఆ బంక పేరుతోనే దీనికి నామకరణము చేసెను. నలువదియేండ్లుగా ప్రయోగశాలలలో సీసాలలో నున్న ఈ పదార్థములోని గుణము యూరపు పండితులకు పట్టుబడకపోవుటకు హేతువు మిక్కిలి సరళము. ఆమ్లరూపమున దీనికి పులుపే తోచును. సోడావంటి క్షారముతో ఆ పులుపును చంపినప్పుడే కమ్మదనము బయటపడును. మన కడుపులోనికి పోవు చారులో అది ఆ రూపముననే యున్నది. చారు త్రాగి పెరిగిన నాలుక గనుక ఇకేడా నాలుకకు అది తెలిసెను. ఈ రుచికి ఆయన ఉమామి అని పేరు పెట్టెను. రుచిగా నున్నదని జపానీయులు నిత్యము వాడు మాటనుండియే దానిని చేసెను. మన లెక్కకు అది ఏడవ రుచి, పాశ్చాత్యులకు అయిదవది.

ఇచ్చట అమైనో ఆమ్లములను గూర్చి నాలుగు మాటలు చెప్పుట అవసరము. యేబదియారు అక్షరములతో మన వాఙ్మయమంతయు ఏర్పడినట్లు, ఇరువది అమైనో ఆమ్లముల కూర్పులతో ప్రాణికోటి దేహములలోని మాంసకృత్తులన్నియు ఏర్పడుచున్నవి. పప్పులో నున్నవియు, పాలలో నున్నవియు, మన కండరములో నున్నవియు ఇవియే. వీనిలో తొమ్మిదింటిని మానవదేహము స్వయముగా చేసికొనలేదు, ఆహారమునుండి రావలసినదే. గ్లుటామిక్ ఆమ్లము ఆ తొమ్మిదింటిలో చేరదు. దేహము దానిని తానే చేసికొనగలదు. అది మాంసకృత్తులో ఇతరములతో పెనవేసికొని యున్నంతకాలము నాలుకకు తెలియదు. విడివడినప్పుడే రుచిగా తెలియును. పచ్చి మాంసమునకు లేని రుచి మాగిన జున్నునకు, ఊరిన సోయా ద్రవమునకు వచ్చుట ఇందువలననే.

1908 ఏప్రిలులో ఇకేడా తన విధానమునకు పేటెంటు కోరెను. జూలైలో 14805 సంఖ్యతో లభించెను. ఆచార్యుడు పేటెంటు తీయుట ఉచితమా యను చర్చ మన దేశమున ఇప్పటికిని జరుగుచున్నది. ఇకేడా దానిని తీయకున్నచో మఱియొక దేశపు వర్తకుడు తీసియుండును. ఇంతకన్న ఈ చర్చలో చెప్పవలసినది లేదని మా అభిప్రాయము.

పేటెంటు చేతబట్టుకొని ఆయన ఆశ్రయించిన వర్తకుడు సుజుకి సబురోసుకె. ఈయన తొలుత ధాన్యపు వ్యాపారి. బియ్యపు బేరములో జూదమాడి ఆస్తి పోగొట్టుకొనగా, హయామా సముద్రతీరమున ఆయన తల్లియు భార్యయు ఒడ్డునకు కొట్టుకొనివచ్చు నాచును కాల్చి ఆ బూడిదనుండి అయొడిన్ తీయుట నేర్చి ఇల్లు నిలిపిరి. ఆ స్త్రీలు పెట్టిన పొయ్యినుండియే సుజుకి రసాయన వ్యాపారము పెరిగినది. పెట్టుబడిదారుల చరిత్రలలో ఇట్టి తల్లుల పేర్లు సాధారణముగా అడుగున పడిపోవును. వారి పేర్లు నకా, తెరు.

1909 మే నెలలో అజినొమొతొ అను పేరుతో ఆ తెల్లని పొడి బజారులోనికి వచ్చెను. పేరునకు రుచికి మూలమని యర్థము. నాచునుండి తీసినచో ధర సామాన్యులకు అందదు గనుక, రిట్‌హౌజెన్ త్రోవనే పట్టి గోధుమ బంకను ముడిసరకుగా తీసికొనిరి. గోధుమపిండిని నీటితో పిసికి కడుగగా గంజిపిండి కొట్టుకొనిపోయి బంక మిగులును. అందలి మాంసకృత్తులో నాలుగవ వంతుకు పైగా గ్లుటామిక్ ఆమ్లపు పాలే. దానిని గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లముతో గంటల తరబడి ఉడికించినచో మాంసకృత్తు విడిపోవును. చల్లార్చగా గ్లుటామిక్ ఆమ్లము అడుగున పేరుకొనును. దానిని కడిగి సోడాతో కలిపి ఎండబెట్టవలెను.

కాగితముమీద ఇంతే. ఆ ఆమ్లపు వేడిమికి నిలుచు పాత్ర ఏది? ఇనుము కరగిపోయెను. వర్తకులు తుదకు మన ఊరగాయ జాడీలవంటి పెద్ద మట్టిజాడీలను శరణుజొచ్చిరి. అవియు పగులుచుండెను, పనివారి బట్టలు చీలికలగుచుండెను. జూషి గ్రామములో పెట్టిన మొదటి కర్మాగారమునుండి వచ్చు ఆమ్లపు ఆవిరికి చుట్టుపట్ల పైరులు మాడగా రైతులు మొఱపెట్టిరి. 1914లో కర్మాగారమును కవసాకికి తరలింపవలసి వచ్చెను. మొదటి సంవత్సరములన్నియు నష్టములే. వ్యాపారమును నిలిపినవానిలో ఉపసరకు ఒకటి: బంక తీయగా మిగిలిన గంజిపిండిని నూలుమిల్లులు కొనెను. నేతకు గంజి ఎంత కావలయునో మన పాఠకులకు చెప్పనక్కఱలేదు. ఒక పరిశ్రమ వ్యర్థము మఱియొక పరిశ్రమకు ముడిసరకగుట జపాను ఉన్నతిలోని కీలకములలో నొకటి.

ప్రజలకు ఈ పొడిమీద అనుమానము కలుగకపోలేదు. ఇది పాములనుండి తీసినదని పుకారు పుట్టి దేశమంతట ప్రాకెను. కంపెనీవారు పత్రికలలో ప్రకటనలు వేసి ఖండింపవలసిన స్థితి ఏర్పడెను. ఏప్రను కట్టిన గృహిణి బొమ్మను ముద్రగా పెట్టుకొని, ఇల్లాండ్రను మెప్పించుటకు వారు పడిన పాట్లు ఒక ప్రత్యేక గ్రంథమునకు తగును.

ఇంతవఱకు చదివిన స్వదేశాభిమానికి ఆనందమే కలుగును. 1905లో జపాను రష్యాను ఓడించినప్పుడు మన దేశమంతట కలిగిన ఉత్సాహమును, 1904లో వంగదేశమున ఏర్పడిన సంఘమొకటి పరిశ్రమలు నేర్చుకొనుటకై మన విద్యార్థులను జపానునకు పంపుటను తలంచుకొన్నచో, ఇకేడా కథ ఆ ఉత్సాహమునకు ఋజువుగా తోచును. కాని కథ ఇచ్చట మలుపు తిరుగుచున్నది. జపాను 1895లో తైవానును, 1910లో కొరియాను తన పాలనలోనికి తెచ్చుకొన్నది. జపాను జెండా వెంట జపాను సరకును పోయినది. అజినొమొతొ తైవాను వంటశాలలలోను వీథి అంగళ్లలోను పాతుకొన్నది, కొరియాలో విక్రయింపబడినది, చీనా గోడలమీద దాని ప్రకటనలు వెలసినవి. తన జాతి పుష్టికై ఒక పండితుడు చేసిన పదార్థము, ఇతర జాతుల సొమ్మును ఆకర్షించు సాధనమయినది. దీనికి ఇకేడాను నిందింపలేము. అయినను చెప్పక విడువలేము.

చీనావారు దీనికి ఇచ్చిన సమాధానము మనకు మఱింత ఆసక్తికరము. వూ యున్‌చు అను యువరసాయనజ్ఞుడు షాంఘైలో ఈ జపాను పొడిని కొని, తన యింటిలోనే పరీక్షించి, అది సోడియం గ్లుటామేటు తప్ప మఱియేమియు కాదని తేల్చెను. గోధుమ బంక చీనావారికి క్రొత్తది కాదు. వారి బౌద్ధభిక్షువులు దానిని మాంసమునకు బదులుగా తరతరములుగా తినుచున్నారు. 1923లో ఒక సోయా ద్రవపు వర్తకుని పెట్టుబడితో వూ తియాన్‌చు అను కంపెనీని స్థాపించెను. ఆ పేరునకు స్వర్గపు వంటశాల యని యర్థము. 1925 మే 30న షాంఘైలో విదేశీ పోలీసులు ప్రదర్శకులపై కాల్పులు జరుపగా దేశమంతట విదేశీ వస్తుబహిష్కారము లేచినది. ఆ బహిష్కారమున స్వదేశీ పొడి జపాను పొడిని త్రోసిరాజనెను. వూ అంతటితో ఆగలేదు. బంకను ఉడికించుటకు కావలసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లము జపానునుండియే వచ్చుచున్నంతకాలము తన స్వదేశీయత సగమే యని గ్రహించి, 1929లో ఆ ఆమ్లమును చేయు కర్మాగారమును, తరువాత దానికి కావలసిన జాడీల కర్మాగారమును పెట్టెను. సీసాపై స్వదేశీ చీటీ అంటించి లోని సరకును విదేశమునుండి తెప్పించుకొను పెద్దలు మన బజారులో అప్పుడును ఉండిరి, ఇప్పుడును ఉన్నారు. వారికి వూ యున్‌చు జీవితమును ఎవరైన చదివి వినిపించుట మంచిది.

ఇకేడా ఉత్తరజీవితమును సంక్షేపించెదము. 1917లో భౌతిక రసాయనశాస్త్రముల పరిశోధనకై టోకియోలో స్థాపితమైన రికెన్ సంస్థకు ఆయన స్థాపకులలో నొకడు. 1913లో ఆయన శిష్యుడు కొడమ షింతరో ఎండుచేప చారులోని కమ్మదనమునకు హేతువైన ఇనోసినిక్ ఆమ్లమును కనుగొనెను. 1923లో విశ్వవిద్యాలయమును విడిచి, మరుసటి యేడు మరల లైప్‌జిగ్ చేరి, 1931వఱకు అచ్చటనే స్వంత ప్రయోగశాలలో పనిచేసెను. పేటెంటు తెచ్చిన ధనమును ఆయన అట్లు వినియోగించెను. 1936 మే 3వ తేదీన టోకియోలో మరణించెను. 1985లో జపాను పేటెంటు కార్యాలయము తన దేశపు పదిమంది గొప్ప ఆవిష్కర్తలను ఎన్నినప్పుడు ఇకేడా పేరు అందులో చేరినది.

ఆయన మరణించిన ఇరువదియేండ్లకు, 1956లో, జాడీలకును ఆమ్లములకును సెలవిచ్చు మార్గము దొరకెను. క్యోవా హక్కో కంపెనీలో కినోషిత షుకువో అను పండితుడును ఆయన సహచరులును, చక్కెరను తిని గ్లుటామిక్ ఆమ్లమును బయటికి విడుచు సూక్ష్మజీవికై వెదకి, టోకియోలోని ఊఎనో జంతుప్రదర్శనశాల మట్టిలో దానిని పట్టిరి. దాని నేటి పేరు కోరినెబాక్టీరియం గ్లుటామికం. బయోటిన్ అను విటమినును కొలతగా తగ్గించి పెట్టినచో దీని పైపొర సందు ఇచ్చి, లోన తయారైన ఆమ్లము ద్రవములోనికి వచ్చును. చెఱకు మడ్డి, మొక్కజొన్న పిండి, కర్రపెండలము, ఏదియైనను దానికి మేతయే. పెరుగు తోడుపెట్టు ఇల్లాలికి ఈ పద్ధతి వింతగా తోచదు. కుండ మాత్రము లక్షల లీటర్లది. ఈ మార్గముననే నేడు ప్రపంచమున ఏటేట ముప్పదిలక్షల టన్నులకు పైబడి సోడియం గ్లుటామేటు తయారగుచున్నది. అందులో పెద్దభాగము చీనాదే.

ఆ సూక్ష్మజీవికే మార్పులు చేసి 1958 నుండి లైసిన్ అను అమైనో ఆమ్లమును తీయసాగిరి. ఇది దేహము చేసికొనలేని తొమ్మిదింటిలో ఒకటి. వరిలోను, గోధుమలోను, మొక్కజొన్నలోను ఇది తక్కువ. సోయా చెక్కలో లైసిన్ చాలినంత యున్నను మెథియొనిన్ కొఱత. కోళ్ల దాణాలో మొక్కజొన్నయు సోయా చెక్కయు ఎంత పోసినను, ఈ రెండింటిలో ఏది తక్కువైనను మిగిలిన మాంసకృత్తు వ్యర్థమై రెట్టలో పోవును. టన్ను దాణాకు ఒకటి రెండు కిలోల మెథియొనిన్, అవసరమైనచో కొంత లైసిన్, కలుపగానే లెక్క సరిపడును. చెక్క తక్కువ పట్టును, గ్రుడ్డు పెరుగును. లైసిన్ ఏటికి ఇరువదిలక్షల టన్నులకు పైగా, మెథియొనిన్ పదిలక్షల టన్నులకు పైగా ప్రపంచమున తయారగుచున్నవి. మెథియొనిన్‌ను మాత్రము చాలవఱకు నేటికిని నూనెగనుల సరకులనుండి రసాయనపద్ధతిని చేయుచున్నారు. మనుష్యుల కొఱకును ఈ పరిశ్రమ పనిచేయుచున్నది. నోట ఆహారము తీసికొనలేని రోగికి నరములలో ఎక్కించు పోషకద్రవములలో అమైనో ఆమ్లములు ముఖ్యము. చక్కెరవ్యాధిగ్రస్తులు వాడు ఆస్పర్టేము అను తీపి పదార్థము రెండు అమైనో ఆమ్లముల జోడింపే.

గ్రుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశమునకు అగ్రస్థానమున నున్నది, తెలంగాణయు ముందువరుసలోనిదే. గోదావరి జిల్లాల కోళ్లశాలలు దాణా లేక ఒక్క దినమైన నడువవు. ఆ దాణాలో కలుపు లైసిన్, మెథియొనిన్‌లలో అధికభాగము విదేశములనుండి వచ్చుచున్నది. చెఱకు మడ్డి మనకు కలదు, మొక్కజొన్న కలదు, సూక్ష్మజీవులను పెంచి మందులు చేయు విద్య హైదరాబాదులోను విశాఖలోను కలదు. వూ యున్‌చునకు వీనిలో సగమైన లేవు.

ఇక ఇకేడా ఆశ నెరవేరినదా? సగమే నెరవేరినదని మా తీర్పు. కూటికి రుచి చేర్చుటవలన ఆకలి పెరుగవచ్చును. కూటిలో లేని సారము రాదు. జపాను బిడ్డల యెత్తు పెరుగుటకు యుద్ధానంతరము వచ్చిన పాలు, గ్రుడ్లు, మాంసము, బడిలో పెట్టు మధ్యాహ్నభోజనము తోడ్పడినవి గాని తెల్లని పొడి కాదు. ఆ పొడిని పుష్టికరమని అమ్మిన వర్తకులు ఇకేడా తర్కములోని బలహీనతను తమ లాభమునకు వాడుకొనిరి. పరిశ్రమ రెండవ తరమున వచ్చిన లైసినే నిజముగా పుష్టినిచ్చునది. అదియు కోడి ద్వారమున.

రెండవవైపు అన్యాయమును జరిగినది. 1968లో ఒక అమెరికా వైద్యపత్రికలో వెలువడిన చిన్నలేఖ కారణముగా, చీనా భోజనశాలలలో తినినవారికి మెడ తిమ్మిరియు గుండెదడయు వచ్చుననియు, అందుకు ఈ పొడియే కారణమనియు ప్రచారము ప్రబలెను. తరువాత జరిగిన పరీక్షలలో, ఆహారముతో కలిపి మామూలు మోతాదులో తిన్నవారియందు ఈ లక్షణములు నిలుకడగా కనబడలేదు. ఖాళీకడుపున మూడు గ్రాములకు మించి మ్రింగిన కొందఱికి మాత్రము తాత్కాలికముగా కలిగినవి. ఆ వంటనే ఫ్రెంచివారి జున్నులో తినినప్పుడు ఎవరికిని మెడ తిమ్మిరెక్కలేదు. ఆసియావాసుల వంట గనుక అనుమానము సులభముగా అంటుకొన్నదని తలంచుట తప్పు కాదు. అట్లని దీనిని నెత్తిన పెట్టుకొనవలసిన పనియు లేదు. పసలేని సరకును, నిలువ కూరను రుచిగా భ్రమింపజేయుటకు దీనిని వాడు హోటళ్లు మన పట్టణములలో లేకపోలేదు. ఏడాది నిండని శిశువులకు తగదని పొట్లముపై ముద్రింపవలెనని మన దేశపు నిబంధన విధించుచున్నది. అది పాటింపబడుచున్నదా యని కొనువారు చూచుకొనవలెను.

శాస్త్రమున మాత్రము ఇకేడా మాట గెలిచినది. ఉమామి వేఱు రుచి కాదని, ఇతర రుచులను పెంచు గుణము మాత్రమేయని పాశ్చాత్య పండితులు చిరకాలము వాదించిరి. 2000, 2002 సంవత్సరములలో గ్లుటామేటును పట్టు గ్రాహకములు నాలుకమీదనే కనబడినవి. 1908లో ఒక్క నాలుకను నమ్మి చెప్పిన దానికి తొంబది యేండ్ల తరువాత సాక్ష్యము వచ్చినది.

ఆయన మొట్టమొదట వేరుచేసిన గ్లుటామిక్ ఆమ్లపు నమూనా టోకియో విశ్వవిద్యాలయమున ఒక గాజుసీసాలో నేటికిని కలదు. సీసాపై పదార్థము పేరు చీనా లిపిలో వ్రాయబడినది. విదేశీ శబ్దమును ఆ లిపిలో పలికించుటకు ధ్వనికి సరిపోవు అక్షరములను ఏరుకొనవలెను. గు, రు, తా, మి అను నాలుగు ధ్వనులకును నాలుగు అక్షరములు పెట్టి, అయిదవదిగా ఆమ్లమని చేర్చిరి. మి అను ధ్వనికి ఆ లిపిలో అక్షరములు పెక్కు కలవు. సీసాపై నున్నది రుచి యని యర్థమిచ్చు అక్షరము.